పాత కంప్యూటర్లు, స్లైడ్ ప్రదర్శనలు

కంప్యూటర్‌లో తయారు చేసిన స్లైడ్ ప్రదర్శన చూసేవారి కంటికి వరుసగా పేర్చిన బొమ్మల కట్టలాగా కనిపిస్తుంది గాని, దానిని భద్రపరిచిన ఫైలులో ఎక్కువ భాగం బొమ్మలు కావు, ఆదేశాలు. ఏ మాట ఏ ఫాంటులో రావాలి, ఆ అక్షరాల పరిమాణం ఎంత, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి, ఏ ఫొటో ఎప్పుడు తెర మీదికి ప్రవేశించాలి, ఏ స్లైడుతో ఏ శబ్దం వినిపించాలి అనే వివరాలను ఆ ఫైలు చెబుతుంది. వాటిని చదువుకొని ప్రతిసారీ తెరను కొత్తగా గీసే పని మాత్రం ఆ సమయానికి ఎదుట ఉన్న కంప్యూటర్‌ది. ఒకే నాటకాన్ని రెండు నాటక సమాజాలు ఆడినప్పుడు సంభాషణలు ఒకటే అయినా వేషాలు, తెరలు, హార్మోనియం ఎవరివి వారివే అయినట్లు, ఒకే ఫైలును రెండు కంప్యూటర్లు ప్రదర్శించినప్పుడు ఫాంట్లు, వీడియోలను విప్పి చూపే సాధనాలు, మెమరీ, తెర కొలత ఏ యంత్రానివి ఆ యంత్రానివే. కొత్త కంప్యూటర్ మీద చక్కగా నడిచిన ప్రదర్శన పది పదిహేనేళ్ల కిందటి కంప్యూటర్ మీద చెదిరిపోవడానికి మూలకారణం ఇక్కడే ఉంది. ఫైలు పాడైపోలేదు, పాత కంప్యూటరూ చెడిపోలేదు. తయారైన చోట ఎరువు తెచ్చుకున్న సామగ్రి ఫైలుతో పాటు బయలుదేరలేదు, అంతే.

ఈ చిక్కు మొదట్లో లేదు. రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్‌లు ఫోర్‌థాట్ అనే అమెరికన్ సంస్థలో పవర్‌పాయింట్‌ను రూపొందించి 1987లో మెకింటాష్ కంప్యూటర్ కోసం విడుదల చేసినప్పుడు, అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే ట్రాన్స్‌పరెన్సీలకు, అంటే కాంతి సోకితే అవతలి గోడ మీద నీడ పడే పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలకు, పుటలు సిద్ధం చేయడమే. పలక మీద ఒకసారి ముద్ర పడిన అక్షరం ఏ ఊరి ప్రొజెక్టర్ మీద పెట్టినా అదే అక్షరం. దానికి ఫాంటూ అక్కరలేదు, సాఫ్ట్‌వేరూ అక్కరలేదు. 1992లో వచ్చిన మూడవ వెర్షన్‌తో కంప్యూటర్ నుంచి నేరుగా ప్రొజెక్టర్‌కు దృశ్యం పంపే పద్ధతి ప్రవేశించి, క్రమంగా పలక తెర మరుగైంది. దానితో కదలిక, శబ్దం, వీడియో సమకూరాయి గాని, ఎక్కడికి తీసుకుపోయినా మారని గుణం పోయింది. పాత కంప్యూటర్లకు తగినట్లు ప్రదర్శనను సిద్ధం చేయడమంటే, పోయిన ఆ గుణాన్ని సాధ్యమైనంత వరకు తిరిగి సంపాదించడమే.

పాత సాఫ్ట్‌వేర్ దగ్గర ఎదురయ్యే మొదటి అడ్డంకి ఫైలు అసలు తెరుచుకోకపోవడం. సమాచారాన్ని ఫైలులో ఏ క్రమంలో, ఏ సంకేతాలతో రాయాలో నిర్ణయించే నియమావళిని ఫార్మాట్ అంటారు. పవర్‌పాయింట్‌లో 97, 2000, 2002, 2003 వెర్షన్లు నాలుగూ పీపీటీ అనే ఒకే ఫార్మాట్‌ను వాడాయి. 2007 వెర్షన్‌తో పీపీటీఎక్స్ అనే పూర్తిగా వేరైన ఫార్మాట్ వచ్చి, 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. నిజానికి పీపీటీఎక్స్ ఫైలు ఒక మూట: ఒక్కొక్క స్లైడుకు ఒక్కొక్క పాఠ్యపత్రం, ఫొటోలకు, శబ్దాలకు వేరే అర, వీటినన్నిటినీ కుదించి కట్టిన జిప్ కట్ట. అందువల్ల పీపీటీఎక్స్‌ను తెరవలేని పాత కంప్యూటర్ మీద కూడా, ఆ ఫైలుకు నకలు తీసి పేరు చివర జిప్ అని మార్చితే కట్ట విప్పుకొని లోపలి మీడియా అనే ఫోల్డర్ నుంచి ఫొటోలనైనా బయటికి తీసుకోవచ్చు. ప్రదర్శనకు ఇది పరిష్కారం కాదు గాని, సభ ప్రారంభం కాబోతున్న వేళ చేతిలో ఏమీ లేకపోవడం కంటే ఫొటోలైనా ఉండడం మేలు.

పాత వెర్షన్లకు కొత్త ఫార్మాట్‌ను చదివే శక్తినిచ్చే కంపాటిబిలిటీ ప్యాక్ అనే అనుబంధాన్ని, పవర్‌పాయింట్ లేని యంత్రం మీద ప్రదర్శనను చూపడానికి పనికివచ్చే వ్యూయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ చాలా ఏళ్లు అందించి, 2018లో రెండింటినీ ఉపసంహరించుకుంది. కాబట్టి ఇప్పుడు భారమంతా తయారుచేసేవారి మీదనే పడింది. వారు సాధారణంగా చేసే పని, ప్రదర్శనను కొత్త ఫార్మాట్‌లో పూర్తి చేసి చివర్లో 97–2003 ఫార్మాట్‌లోకి మార్చి దాచుకోవడం. అంతకంటే మెరుగైన మార్గం ఒకటి ఉంది: ఖాళీ ఫైలునే మొదట పాత ఫార్మాట్‌లో దాచి, మూసి, తిరిగి తెరిచి, అప్పుడు పని మొదలుపెట్టడం. అలా చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ కంపాటిబిలిటీ మోడ్ అనే స్థితిలో నడుస్తుంది, అంటే పాత ఫార్మాట్ మోయలేని కొన్ని కొత్త సదుపాయాలను ముందే పక్కన పెడుతుంది. చివర్లో మార్చే పద్ధతిలో స్మార్ట్‌ఆర్ట్ వంటి రేఖాచిత్రాలు ఇక దిద్దడానికి వీలులేని బొమ్మలుగా గడ్డకడతాయి. అప్పటికి దిద్దుబాటుకు వ్యవధి ఉండదు.

తెలుగులో ప్రదర్శనలు తయారుచేసేవారికి ఫార్మాట్ కంటే పెద్ద సమస్య అక్షరాలది. దీనిని కొంత వివరంగా చెప్పుకోవాలి. డీటీపీ కేంద్రాలలో దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న అను ఫాంట్ల వంటి వాటిలో తెలుగు అక్షరాల ఆకారాలు రోమన్ అక్షరాల స్థానాలలో అమర్చి ఉంటాయి. ఫైలులో నమోదయ్యేవి రోమన్ సంకేతాలు, వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్ మీద వేషం తొలగిపోయి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు తెర నిండా పరుచుకుంటాయి. యూనికోడ్ పద్ధతిలో ఈ చిక్కు లేదు; అక్కడ ప్రతి తెలుగు అక్షరానికి ప్రపంచమంతా అంగీకరించిన ఒక సంఖ్య ఉంటుంది కాబట్టి ఫాంటు మారినా మాట మారదు. అయితే అక్కడ మరొక మెట్టు ఉంది. స్త్రీ అనే మాట చూడడానికి ఒకే అక్షరం. ఫైలులో మాత్రం అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘమైన గుడి అనే 6 సంకేతాల వరుస. గుడిని పైన సకారానికి తగిలించి, తవత్తును, రవత్తును కింద తగిన చోట కూర్చే పని షేపింగ్ ఇంజన్ అనే భాగం చేస్తుంది. దానిని లోహపు అచ్చులను ఒక్కొక్కటిగా ఏరి పేర్చే పాతకాలపు కంపోజిటర్‌గా ఊహించుకోవచ్చు. ఆ కంపోజిటర్ లేని యంత్రం మీద ఒత్తులు విడిపోతాయి, పొల్లులు బయటపడతాయి, లేదా అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వరుస కడతాయి.

విండోస్ కుటుంబంలో తెలుగుకు ఈ కూర్పు సౌకర్యం 2001లో వచ్చిన ఎక్స్‌పీతో, గౌతమి అనే ఫాంటుతో పాటు ప్రారంభమైంది. అయితే ఎక్స్‌పీలో అది తనంత తానుగా పనిచేయదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతాలకు, భాషలకు సంబంధించిన విభాగం తెరిచి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను స్థాపించమనే గడిలో గుర్తు పెట్టాలి, అందుకు చాలాసార్లు విండోస్ మూల సీడీ కూడా కావాలి. విస్టా నుంచి ఆ అవసరం తప్పింది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల అనే ఫాంట్లు వచ్చాయి. విండోస్ 10లో గౌతమి, వాణి రెండూ కోరి తెచ్చుకోవలసిన అదనపు ఫాంట్లుగా మారాయి గనుక, ఇబ్బంది కొత్త నుంచి పాతకు వెళ్లేటప్పుడే కాక పాత నుంచి కొత్తకు వచ్చేటప్పుడు కూడా ఎదురవుతుంది. నిర్మలలో కూర్చిన స్లైడును ఎక్స్‌పీ యంత్రం గౌతమితో చూపినప్పుడు అక్షరాల వెడల్పు, వరుసల మధ్య ఎడం మారి, పెట్టెలో సరిపోయిన పద్యం చివరి పాదం పెట్టె దాటి కిందికి జారవచ్చు. అందుచేత పాత యంత్రాలకు ఉద్దేశించిన తెలుగు స్లైడులో ప్రతి పెట్టె అడుగున కనీసం ఒక వరుసకు చోటు ఖాళీగా వదలడం అవసరం.

ఫాంటును ఫైలులోనే పొదిగే ఏర్పాటు పవర్‌పాయింట్‌లో ఉంది. దాచుకునే ఐచ్ఛికాలలో దానిని ఎంచుకుంటే ఫాంటు కూడా ప్రయాణం చేస్తుంది గాని, అది ట్రూటైప్ అనే జాతి ఫాంట్లకే, అందులోనూ పొదగడానికి నిర్మాత అనుమతి నమోదైన వాటికే వర్తిస్తుంది. వాడిన అక్షరాలను మాత్రమే పొదగడం, మొత్తం ఫాంటును పొదగడం అని అందులో రెండు దారులున్నాయి. సభాస్థలంలో ఒక పేరైనా దిద్దవలసి రావచ్చు కాబట్టి రెండవదే శ్రేయస్కరం. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించి ఉచితంగా అందుబాటులో ఉంచిన పోతన, వేమన వంటి ఫాంట్ల ఫైళ్లను ప్రదర్శనతో పాటు పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి అక్కడ స్థాపించుకోవడం మరొక ఉపాయం. పెద్ద శీర్షికల విషయంలో ఇంకా నిక్కమైనది, మాటను బొమ్మగా మార్చి అతికించడం. బొమ్మను పీఎన్‌జీ రకంలో అతికించాలి. మెటాఫైల్ అనే రకం కూడా పైకి బొమ్మలాగే ఉన్నా లోపల అక్షరాలను అక్షరాలుగానే, ఫాంటు పేరుతో సహా దాచుకోగలదు కనుక, పాత యంత్రం మీద మళ్లీ ఫాంటు కోసం వెతుకుతుంది.

ఈ జాగ్రత్తకు అందం ఒక్కటే ప్రయోజనం కాదు. తెర మీద డబ్బాలు కనిపించినప్పుడు సభలో ఉన్నవారు ఫాంటు లోపించిందని అనుకోరు. కంప్యూటర్‌లో తెలుగు సరిగా రాదని అనుకుంటారు, మరుసటి ప్రదర్శనను ఇంగ్లీషులో చేయమని సలహా ఇస్తారు. ఒక చిన్న సాంకేతిక లోపం భాష మీద అపవాదుగా మారడం ఎంత మాత్రం న్యాయం కాదు. అందులోనూ పాత కంప్యూటర్లు ఎక్కువగా మిగిలి ఉండేది కొత్తవి కొనే స్థోమత లేని బడులలో, గ్రంథాలయాలలో, సంఘాలలో. తెలుగులో చెబితేనే అందే శ్రోతలు ఉండేదీ అక్కడే.

శబ్దం విషయంలో జరిగే పొరపాటుకు ఒక చిన్న లెక్క కారణం. 2007 వరకు వచ్చిన పవర్‌పాయింట్ వెర్షన్లు డబ్ల్యూఏవీ రకం శబ్దాలను మాత్రమే ఫైలులో కలుపుకొనేవి, అదీ మొదటి అమరిక ప్రకారం 100 కిలోబైట్ల లోపు ఉంటేనే. అంతకు మించిన శబ్దాలను, ఎంపీ3లను, వీడియోలను కలుపుకోకుండా అవి ఉన్న చోటును మాత్రమే రాసి పెట్టుకొనేవి. దీనినే లింకు అంటారు. సీడీ నాణ్యత గల ధ్వని క్షణానికి, అంటే సెకనుకు, 1,76,400 బైట్లు తీసుకుంటుంది. అంటే 100 కిలోబైట్లలో పట్టేది దాదాపు అర సెకను. ఒక చప్పట్ల మోతకైనా అది చాలదు. తయారుచేసినవారు పాటను చేర్చామనే అనుకుంటారు, వారి కంప్యూటర్ మీద పాట వినిపిస్తూనే ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో ఒక్క ప్రదర్శన ఫైలునే వేసుకొని బయలుదేరుతారు. సభలో నిశ్శబ్దం ఎదురవుతుంది. ఐచ్ఛికాలలో ఆ హద్దును 50,000 కిలోబైట్ల వరకు పెంచుకోవచ్చు, అప్పుడు అదే నాణ్యతతో దాదాపు 5 నిమిషాల ధ్వని ఫైలులోనే ఇముడుతుంది. లింకుగా ఉండక తప్పని వాటి విషయంలో, స్లైడులో చేర్చడానికి ముందే వాటిని, ప్రదర్శన ఫైలును ఒకే ఫోల్డర్‌లో ఉంచి, పేర్లను పొట్టిగా పెట్టి, ఆ ఫోల్డర్‌ను మొత్తంగా తీసుకుపోవాలి. చేర్చిన తరువాత ఫోల్డర్‌లోకి మార్చితే ఫైలులో రాసి ఉన్న చిరునామా పాతదే అవుతుంది.

వీడియోను ఫైలులోనే పొదిగే సౌకర్యం 2010 వెర్షన్‌తో వచ్చింది. అయినా వీడియోకు కోడెక్ అనే మరొక అవసరం ఉంది. వీడియోను కుదించడానికి, కుదించిన దానిని తిరిగి విప్పడానికి వాడే సూత్రమే కోడెక్. ఫైలు పేరు చివర కనిపించే ఏవీఐ వంటివి పెట్టె పేర్లు మాత్రమే, పెట్టె లోపల ఏ కోడెక్ ఉన్నదీ పేరు చెప్పదు. ఇప్పటి ఫోన్లు తీసే ఎంపీ4 వీడియోలను విప్పే సాధనం విండోస్‌లో సహజంగా ఉండడం విండోస్ 7 నుంచే మొదలు. ఎక్స్‌పీ యంత్రానికి డబ్ల్యూఎంవీ గాని, వీసీడీల కాలపు ఎంపెగ్-1 గాని తగినవి. 25 ఫ్రేములతో, 352 అడ్డం, 288 నిలువు చుక్కలతో ఉండే ఎంపెగ్-1 చిత్రం పెద్ద తెర మీద కొంత మసకగా ఉన్నా ఆగకుండా నడుస్తుంది.

యానిమేషన్ అంటే స్లైడులోని వస్తువుల రాకపోకలు, కదలికలు. పవర్‌పాయింట్ 2002 వెర్షన్‌లో నిష్క్రమణ, నిర్ణీత మార్గంలో కదలిక వంటివి కొత్తగా వచ్చాయి. 97, 2000 వెర్షన్లకు ప్రవేశం తెలుసు గాని నిష్క్రమణ తెలియదు. మూడు ఫొటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకటి వెళ్లిపోయాక మరొకటి రావాలని ఏర్పాటు చేసిన స్లైడు ఆ పాత వెర్షన్లలో మూడింటినీ ఒకే కుప్పగా చూపుతుంది. ఇటీవలి ఫార్మాట్ ఇటువంటి స్థితిని ముందే ఊహించి, కొత్త విశేషం పక్కనే, అది తెలియని సాఫ్ట్‌వేర్ చదువుకోవడానికి ఒక సులభమైన ప్రత్యామ్నాయాన్ని కూడా ఫైలులో రాసి ఉంచుతుంది. మార్ఫ్ అనే స్లైడు మార్పిడి దానిని ఎరగని వెర్షన్లలో ఒక స్లైడు కరిగి మరొకటి వచ్చే సాధారణ రూపంలో కనిపించేది ఇందుకే. అయినా దాని మీద ఆధారపడడం కంటే, ఒకే స్లైడులో మూడు దశలు నడపడానికి బదులు మూడు స్లైడులు చేయడం ఎంతో మేలైన పద్ధతి. చూసేవారికి తేడా తెలియదు, ఏ వెర్షన్‌లోనూ చెదరదు, అచ్చు వేసినా మూడు దశలూ కాగితం మీద వస్తాయి.

ఫొటోల బరువు కూడా పాత యంత్రాన్ని కుంగదీస్తుంది. 4000 అడ్డం, 3000 నిలువు చుక్కలున్న ఫొటో డిస్కు మీద ఎంత కుదించి ఉన్నా, తెర మీద చూపడానికి మెమరీలో విప్పినప్పుడు దాదాపు 3.6 కోట్ల బైట్లు ఆక్రమిస్తుంది. 512 మెగాబైట్ల మెమరీ గల కంప్యూటర్‌కు అటువంటివి పది ఎదురైతే ఊపిరాడదు. పాత ప్రొజెక్టర్లలో చాలావాటి తెర 1024 అడ్డం, 768 నిలువు చుక్కలు. ఆ కొలతకు తగ్గించిన ఫొటో పదిహేనో వంతు మెమరీతో సరిపెట్టుకుంటుంది, ఆ తెర మీద పెద్ద ఫొటో కంటే ఏమీ తీసిపోదు. ఆ తెర ఆకారం నాలుగుకు మూడు పాళ్లు. 2013 వెర్షన్ నుంచి పవర్‌పాయింట్ ఇచ్చే ఖాళీ స్లైడు ఆకారం పదహారుకు తొమ్మిది. పని పూర్తయ్యాక ఆకారం మార్చితే బొమ్మలు సాగుతాయి లేదా మాటలు అంచు దాటుతాయి కనుక, ఆ ఎంపిక మొదటి స్లైడుకు ముందే జరగాలి.

పవర్‌పాయింట్ బొత్తిగా లేని కంప్యూటర్ మీద లిబ్రేఆఫీస్ వారి ఇంప్రెస్ ఉండవచ్చు. ఉచితమైన ఆ సాఫ్ట్‌వేర్ పీపీటీ, పీపీటీఎక్స్ రెండింటినీ తెరుస్తుంది గాని, అమరికలో అక్కడక్కడ తేడాలు తప్పవు. ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నదో తెలియని చోటికి వెళ్లేటప్పుడు ప్రదర్శనను పీడీఎఫ్‌గా కూడా దాచుకోవాలి. పీడీఎఫ్‌లో అక్షరాల ఆకారాలు కూర్పు పూర్తయిన స్థితిలోనే నిక్షిప్తమవుతాయి గనుక ఒత్తులు విడిపోవడమనే ప్రసక్తి ఉండదు. తెలుగు ఫాంటు ఒక్కటైనా లేని యంత్రం మీద కూడా స్త్రీ అనే మాట స్త్రీగానే ఉంటుంది. కదలికలు, శబ్దాలు పోతాయి. దశకొక స్లైడు చేసి ఉంటే ఆ నష్టం స్వల్పం. అడోబ్ రీడర్‌లో కంట్రోల్, ఎల్ మీటలను కలిపి నొక్కితే పుట తెరంతా ఆక్రమిస్తుంది, బాణం గుర్తు మీటలతో పుటలు మారుతాయి. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ పలకకు ఇప్పటి కాలంలో అన్నిటికంటే దగ్గరి బంధువు ఇదే.

తయారుచేసిన కంప్యూటర్ మీద ఎన్నిసార్లు చూసుకున్నా ఈ లోపాలలో దాదాపు ఏదీ బయటపడదు, ఎందుకంటే ఫాంట్లు, లింకుల చిరునామాలు, కోడెక్‌లు అక్కడ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. తెగిన లింకులను పట్టుకోవడానికి పాటలు, వీడియోలు మొదట ఉన్న ఫోల్డర్ పేరును తాత్కాలికంగా మార్చి చూడడం ఒక తేలిక పరీక్ష. మిగతావి ప్రదర్శన జరగబోయే కంప్యూటర్ మీదనే తేలాలి. ముందు రోజే అక్కడికి వెళ్లి, ప్రొజెక్టర్ తగిలించి, ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి డిస్కు మీదికి నకలు చేసి, మొదటి స్లైడు నుంచి చివరిదాకా ఒకసారి, చివరి నుంచి వెనక్కి ఒకసారి నడపాలి. ఎక్స్‌పీ మీద ఫాంటు స్థాపించాలంటే నిర్వాహకుడి ఖాతా అవసరం, దాని పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌ను చూసుకొనే వ్యక్తి దగ్గర ఉంటుంది, సభ జరిగే రోజు వారు సెలవులో ఉండవచ్చు. ముందు రోజు వెళ్లినవారికి వారిని కలిసే వీలు, కనిపించిన తప్పులను ఇంటికి వచ్చి దిద్దుకోవడానికి ఒక రాత్రి వ్యవధి మిగులుతాయి.